ఎం.లిబ్ (లైబ్రరీ సైన్స్ పీజీ) అయిపోయిన అమ్ములుకు పెద్దమ్మ రాసిన ఉత్తరం

చిరంజీవి అమ్ములుకు,

పెద్దమ్మ దీవెనలు. ఎం.లిబ్‌లో నీకు ఫస్ట్ క్లాస్ వచ్చిందని అమ్మ చెప్పింది, చాలా సంతోషం. మొన్న ఇంటర్వ్యూలో లైబ్రరీ సాఫ్ట్‌వేర్ గురించి "కోహా మీద పనిచేశారా?" అని అడిగితే "సిలబస్‌లో ఉంది మేడమ్" అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచీ నీకు రాయాలనుకుంటున్నాను.

ఈ వారమే నీ లాప్‌టాప్‌లో ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి కోహా ఇన్‌స్టాల్ చెయ్. పైసా కట్టక్కర్లేదు. మొదటిసారి ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఆ ఎర్రర్ ఏమిటో చదివి, వెతికి, నువ్వే సరిచేసుకో. తర్వాత మీ ఊరి గ్రంథాలయంలో లైబ్రేరియన్ గారిని అడిగి, రెండు వందల పుస్తకాలు అందులోకి ఎక్కించు. అన్నీ తెలుగువే కావాలి.

ఇంగ్లీషు పుస్తకమైతే దాని గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్ కొట్టి, వేరే లైబ్రరీల కేటలాగులు వెతికే జెడ్39.50 ద్వారా అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రికార్డు దించుకుంటావు. మన పాత పుస్తకాలకు ఐఎస్‌బీఎనే ఉండదు. రికార్డు దొరికినా చాలావరకు రోమన్ లిపిలో ఉంటుంది, తెలుగులో టైప్ చేసిన పాఠకుడికి అది కనబడదు. తెలుగు లిపిలో పేరూ శీర్షికా, రికార్డులో వేరే లిపి కోసం ఉన్న 880 ఫీల్డులో నువ్వే నింపాలి. అందుకు యూనికోడ్ టైపింగ్ చేతికి రావాలి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన మాటర్ చూడ్డానికి తెలుగే, వెతికితే మాత్రం దొరకదు.

పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. విశ్వనాథ సత్యనారాయణ గారి ఇంటిపేరు ముందే ఉంది. చివరి మాటే ఇంటిపేరనుకున్నవాళ్లు ఆయన్ని "సత్యనారాయణ" కింద పెట్టేస్తారు. శ్రీశ్రీ, శ్రీరంగం శ్రీనివాసరావు ఒక్కరేనని కంప్యూటర్‌కి తెలియదు, ఒక రచయిత పేర్లన్నీ కలిపే అథారిటీ రికార్డులో నువ్వే చెప్పాలి.

నేను పనిచేసిన కాలేజీలో పాత రిజిస్టర్లు ఎక్కించే పని బయటివాళ్లకిచ్చారు. ఒకచోట చలం, ఇంకోచోట గుడిపాటి వెంకటచలం, మరోచోట ఇంగ్లీషు స్పెల్లింగ్. అంతా సరిచూడకుండానే నేను సంతకం పెట్టాను. తర్వాత పరిశోధన చేసే అమ్మాయి ఒకతె బస్సులో రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చి, పుస్తకం లేదనుకుని వెళ్లిపోయింది. అది బీరువాలోనే ఉంది. ఆ బాధ నాకు ఇంకా పోలేదు. పాఠకుడి సమయం ఆదా చెయ్యమని మన గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారు 1931లోనే చెప్పారు కదా, పరీక్షలో నువ్వూ రాసే ఉంటావు.

కాలేజీలకు వెళ్లాలనుంటే ఈ-రిసోర్సులూ చూసుకో. 2025 జనవరి 1 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు ముప్పై ప్రచురణ సంస్థల జర్నల్స్ దాదాపు పదమూడు వేలు అందుతున్నాయి. అవి తమకున్నాయని తెలియని అధ్యాపకులు ఎందరో. పక్కన కూర్చుని ఇరవై నిమిషాల్లో వెతకడం చూపించగలిగితే నిన్ను ఎవరూ వదులుకోరు. యూజీసీ 2018 నిబంధనల్లో, పరిశోధన రచనకు ఇతరుల రాతలతో పోలిక పది శాతం వరకు ఎందుకు ఫరవాలేదో, దాటితే ఏమవుతుందో కూడా తెలిసుండాలి.

ఎవరైనా వచ్చి "ఎకనామిక్స్ బుక్ ఉందా?" అంటే వెంటనే లేచి వెళ్లకు. "ఏ పరీక్షకమ్మా?" అని అడుగు. గ్రూప్-2కి చదివేవాడికి కావలసింది చాలాసార్లు మన రాష్ట్ర సామాజిక ఆర్థిక సర్వే. అతనికి ఆ పేరు తెలియక అలా అడుగుతాడు.

యూజీసీ నెట్ పరీక్షకి చదవడం మానకు. ఈలోగా ప్రైవేటు స్కూలు ఉద్యోగమొస్తే చేరు. కానీ రాని టీచర్ల బదులు వెళ్లే సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లు వారానికెన్నో ముందే అడుగు. రోజంతా క్లాసులకే పంపిస్తే లైబ్రరీకి తాళమే.

ఈసారి ఇంటర్వ్యూకి లాప్‌టాప్ తీసుకెళ్లి ఆ రెండు వందల పుస్తకాలూ తెరిచి చూపించు. అంతకంటే ముందు మొదటి ఇరవై రికార్డులూ నాకు పంపు. పేర్లు ఒక్కొక్కటే సరిచూసి పెడతాను.

నీ పెద్దమ్మ