యూరిన్ పైపు పదేపదే మూసుకుపోతోంది.. ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. పక్షవాతం వచ్చి మూడు వారాలు ఆస్పత్రిలో ఉన్నారు. యూరిన్ పైపుతోనే ఇంటికి తెచ్చుకున్నాం. నెలలో రెండుసార్లు పైపు మూసుకుపోయింది, రెండోసారి చలిజ్వరం కూడా వచ్చింది. యూరిన్ కల్చర్‌లో (మూత్రంలోని క్రిములను పెంచి చూసే పరీక్ష) ప్రోటియస్ మిరాబిలిస్ అని రాశారు. పైపును రోజూ శుభ్రం చేస్తూనే ఉన్నాం. మరి లోపలికి ఎలా వెళ్లింది? మా పొరపాటేనా?

జవాబు: మీ పొరపాటని బాధపడకండి. ప్రోటియస్ అనే ఈ బ్యాక్టీరియా సాధారణంగా మన పేగుల్లోనే ఉంటుంది. మంచం మీదే ఉండే మనిషికి మలద్వారం నుంచి పైపు దాకా జానెడు దూరం కూడా ఉండదు. వార్డులో ఒకరి బ్యాగు ఖాళీ చేసిన చేత్తోనే ఇంకొకరి పైపు పట్టుకున్నా అంటుకుంటుంది. మీ నాన్నగారికి ఏ దారిన వచ్చిందో ఇప్పుడు చెప్పలేం.

పైపును అంటుకుంటే చాలు, మిగతా దారి అదే పాకుతుంది. గట్టి ఉపరితలం తగలగానే ఈ బ్యాక్టీరియా రూపం మారిపోతుంది. రెండు మైక్రాన్లుండే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణం పదిరెట్లకు పైగా సాగి, ఒంటినిండా వందలకొద్దీ కొరడాల్లాంటి పోగులు మొలిపిస్తుంది. తర్వాత ఒకదాన్నొకటి ఆనుకుని గుంపుగా పైపు గోడ వెంబడి మూత్రాశయం వైపు కదులుతాయి. 1885లో జర్మన్ శాస్త్రవేత్త గుస్తావ్ హౌసర్ దీనికి గ్రీకు పురాణాల్లోని కామరూపి ప్రోటియస్ పేరు పెట్టింది ఇందుకే. ల్యాబులో బ్యాక్టీరియాను పెంచే ప్లేటు మధ్య చుక్కంత వేస్తే, తెల్లారేసరికి చెరువులో రాయి పడ్డట్టు వలయాలు వలయాలుగా ప్లేటంతా పరుచుకుంటుంది. మూత తీస్తే కుళ్లిన చేపల వాసన.

ఇక మూసుకుపోవడం సంగతి. ఇది మూత్రంలోని యూరియాను విడగొట్టి అమ్మోనియా చేస్తుంది. మూత్రం క్షారంగా మారి, కాల్షియం, మెగ్నీషియం లవణాలు పైపు లోపల పేరుకుంటాయి. తీసేసిన పైపును కోసి చూస్తే, బోరునీళ్లు కాచే గిన్నెకు పట్టే తెల్లటి గారలాగే గరగరలాడుతుంది. ఆ గారలో, జిగురు పొరలో దాక్కున్న బ్యాక్టీరియాను మందులు పూర్తిగా చంపలేవు. అందుకే పాత పైపు ఉంచి మాత్రలు మింగిస్తే జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. ముందు పైపు మార్పించండి, కొత్త పైపు నుంచే కల్చర్‌కు పంపించండి. మెడికల్ షాపులో యూరిన్ ఇన్ఫెక్షన్ అని చెప్పి నైట్రోఫ్యురాంటాయిన్ అనే యాంటీబయాటిక్ తెచ్చి వేయకండి, ప్రోటియస్ మీద అది పనిచేయదు. ఇన్నిసార్లు మూసుకుపోయింది కాబట్టి మూత్రాశయంలో రాళ్లున్నాయేమో స్కానింగ్ తీయించడం మంచిది.

అన్నిటికన్నా ముఖ్యంగా, 'ఈ పైపు ఇంకా అవసరమా?' అని యూరాలజిస్టును అడగండి. చాలామంది ఇళ్లలో ఎవరూ అడగకపోవడం వల్లే పైపు నెలల తరబడి ఉండిపోతోంది. నెల దాటితే దాదాపు అందరి మూత్రంలోనూ బ్యాక్టీరియా కనిపిస్తుంది. జ్వరం, నొప్పి లేకుండా మూత్రం కాస్త మబ్బుగా ఉందని మాత్రం యాంటీబయాటిక్ వాడకండి.

పైపు ఉన్నన్నాళ్లూ ముట్టుకునే ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కోండి. బ్యాగు మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. పైపుకీ బ్యాగుకీ మధ్య జాయింటు ఊరికే ఊడదీయకండి. విరేచనం అయ్యాక ముందు నుంచి వెనక్కి కడగండి. గుండె, కిడ్నీ డాక్టర్లు వద్దనకపోతే నీళ్లు బాగా తాగించండి.

మూడు నాలుగు గంటలుగా బ్యాగులోకి చుక్క రాకపోయినా, పొత్తికడుపు ఉబ్బినా, వణుకుతో జ్వరం వచ్చినా, మనిషి తికమకగా మాట్లాడినా తెల్లారేదాకా ఆగకండి. రాత్రయినా సరే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.