లాల్‌బాగ్‌కి వెళ్లండి, గేటు బయట కాఫీ మాత్రం వద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 66. మాది హిందూపురం. ముప్పై ఏళ్లుగా బెంగళూరు జయనగర్‌లో ఉంటున్నాం. రోజూ పొద్దున్నే లాల్‌బాగ్‌లో గంటసేపు నడిచేవాణ్ని. 2020 మార్చిలో మానేశాను. షుగర్, బీపీ ఉన్నాయి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.4కి పెరిగింది. కోవిడ్ రాలేదు. ఈ ఏడాది, అంటే 2021 ఏప్రిల్ చివర్లో కోవిషీల్డ్ మొదటి డోసు వేయించుకున్నాను. పార్కు మళ్లీ తెరిచారు కానీ పిల్లలు వద్దంటున్నారు. వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లండి. ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ రెండో వేవ్ చూశాక పిల్లలు భయపడటంలో తప్పులేదు. కానీ 8.4తో ఇంట్లో కూర్చోవడమూ క్షేమం కాదు. షుగర్ అదుపులో లేనివాళ్లకు కోవిడ్ వస్తే ముదిరే అవకాశం ఎక్కువ.

నోట్లోంచి వచ్చే సన్నటి తుంపరలు మూసిన గదిలో గాల్లోనే నిలిచిపోతాయి. 240 ఎకరాల తోటలో చెదిరిపోతాయి. పక్కనుంచి ఒక మనిషి జాగింగ్ చేస్తూ వెళ్లాడని టెన్షన్ పడక్కర్లేదు. నాకు భయమల్లా వాకింగ్ అయ్యాక జరిగే సభ గురించే. గ్లాస్ హౌస్ దగ్గర బెంచీ మీద నలుగురు ఆనుకుని కూర్చోవడం, మాస్కులు గడ్డం కిందికి దించి సగం కన్నడం, సగం తెలుగులో రాజకీయాలు మాట్లాడుకోవడం, తర్వాత గేటు బయట ఇరుకులో నిలబడి ఇడ్లీ, కాఫీ. రెండో డోసు పడి రెండు వారాలయ్యేదాకా ఆ సభకు సెలవు పెట్టండి. మీ కోవిషీల్డ్‌కు రెండు డోసుల మధ్య పెట్టిన 84 రోజుల గడువు జూలైలో పూర్తవుతుంది, వాయిదా వేయకండి. ఆదివారాలు రద్దీ, ఆ రోజు మేడ మీదే నడవండి.

ఇక మీ మందుల సంగతి. గ్లిమిపిరైడ్ వేసుకునేవాళ్లు ఇన్నాళ్ల తర్వాత ఒక్కసారిగా గంట నడిస్తే షుగర్ పడిపోవచ్చు. పరగడుపున వెళ్లకండి. జేబులో గ్లూకోజ్ పొట్లం ఉంచుకోండి. చేతులు వణికినా, చల్లటి చెమటలు పట్టినా ఆగి మూడు చెంచాలు నోట్లో వేసుకోండి. మొదటి వారం పదిహేను నిమిషాలు చాలు. నడుస్తూ మాట్లాడగలిగేంత వేగమే సరి, ఆయాసం వచ్చిందంటే తగ్గించండి. తోటలోని రాతికొండ ఎక్కాలన్న సరదా ఇప్పుడొద్దు. ఆ బండ సుమారు 300 కోట్ల ఏళ్లుగా అక్కడే ఉంది, ఇంకో రెండు నెలలు మీ కోసం ఆగుతుంది!

బూట్లు ఏడాదికి పైగా మూలనే ఉండి ఉంటాయి. తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి. లోపలి అట్ట గట్టిపడి అంచు లేచి ఉంటే కొత్తవి కొనండి. షుగర్ ఉన్న పాదానికి బొబ్బ లేచినా తెలియకపోవచ్చు. ఇంటికి రాగానే వేళ్ల సందులు చూసుకోండి. చెమటకు మాస్కు తడిస్తే మార్చుకోవడానికి ఇంకొకటి దగ్గరుంచుకోండి.

నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టుగానీ, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినట్టుగానీ అనిపిస్తే గ్యాస్ అనుకోకండి. అక్కడే కూర్చుని 108కి ఫోన్ చేయించండి.