ఫ్లోర్ మీద నవ్వమంటే బిగుసుకుపోతున్న అమ్మాయి

ప్రశ్న: మేము అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటున్నాం. మా అమ్మాయికి పదేళ్లు. ఐదో ఏట నుంచి జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది. కిందటి సీజన్ వరకు కంపల్సరీ లెవెల్స్‌లో ఉండేది, ఈ ఏడాది లెవెల్ 6కు వచ్చింది. టంబ్లింగ్ (పరుగెత్తి వేసే పల్టీలు) బాగా చేస్తుందని కోచ్‌లు మెచ్చుకుంటారు. కానీ ఫ్లోర్ రొటీన్‌లో, అంటే సంగీతానికి నేల మీద చేసే ప్రదర్శనలో, డాన్స్ దగ్గరికి వచ్చేసరికి ముఖంలో ఏ భావమూ ఉండదు, చూపు నేల మీదే ఉంటుంది, చేతులు ఎవరో చెప్పినట్టు లేచి దిగుతుంటాయి. ఒక చోట మోకాలి మీద కూర్చుని, కుడి చేతిని నేల మీదుగా వెనక్కి తిప్పి, తల పైకెత్తే అందమైన ఘట్టాన్ని కొరియోగ్రాఫర్ పెట్టారు. దాన్ని కూడా హడావిడిగా ముగించి, తర్వాతి టంబ్లింగ్ కోసం మూలకు వెళ్లిపోతుంది. "కొంచెం నవ్వు తల్లీ, కాస్త యాటిట్యూడ్ చూపించు" అని ప్రతి మీట్‌కు (పోటీకి) ముందూ చెబుతూనే ఉన్నాను, చెప్పినకొద్దీ బిగుసుకుపోతోంది. చిన్నప్పుడు నేను విజయవాడలో కూచిపూడి నేర్చుకున్నాను. ఆ అభినయం ఇక్కడ ఉపయోగపడుతుందా, లేక నేను కల్పించుకుంటే ఉన్నది కూడా చెడుతుందా? స్వతహాగా నెమ్మదస్తురాలైన పిల్లకు ఇది నేర్పగలమా?
— ఒక తల్లి, టెక్సాస్

జవాబు: తప్పకుండా నేర్పవచ్చు. నెమ్మదితనం అందుకు అడ్డు కాదు. అయితే "నవ్వు" అన్న మాటతో మొదలుపెట్టడం వల్లనే ఇంతవరకు ఫలితం కనిపించలేదని నా అభిప్రాయం. ఈ వయసు పిల్లల ముఖంలో భావం పలకకపోతే, చాలాసార్లు అందుకు కారణం వాళ్ల స్వభావం కాదు, ఆ సమయంలో వాళ్ల ధ్యాస మరెక్కడో ఉండడం. పదేళ్ల పిల్ల ఫ్లోర్ మీద నిలబడినప్పుడు ఆమె మనసు చాలావరకు రాబోయే టంబ్లింగ్ చుట్టూనే తిరుగుతుంటుంది. పరుగు ఎక్కడ అందుకోవాలి, ఫ్లోర్ హద్దు గీత దాటకుండా ఎలా దిగాలి, కిందటిసారి తూలిన చోట ఈసారి ఏమవుతుంది అన్న ఆలోచనలు పోగా మిగిలిన కాస్త ధ్యాస, తర్వాతి కదలిక ఏమిటో గుర్తు తెచ్చుకోవడానికే సరిపోతుంది. అలాంటప్పుడు నవ్వమని ఇంకో పని అప్పగిస్తే, చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, ఉన్న సహజత్వం కూడా పోతుంది.

మీ అమ్మాయి ఇప్పుడున్న దశ కూడా దీనికి ఒక కారణం. అమెరికా జిమ్నాస్టిక్స్ సమాఖ్య నడిపే డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్‌లో లెవెల్ 5 వరకు కంపల్సరీ. ఒక్కో లెవెల్‌లో ఉన్న పిల్లలందరూ దేశమంతటా ముందే నిర్ణయించిన సంగీతానికి, ఒకే కూర్పును, చెయ్యి ఎత్తే కోణంతో సహా చెప్పినది చెప్పినట్టు చేస్తారు. లెవెల్ 6 నుంచి ఎవరి సంగీతం వారిది, ఎవరి కొరియోగ్రఫీ వారిది. "ఎవరో చెప్పినట్టు చేతులు లేచి దిగుతున్నాయి" అని మీరు బాధపడుతున్నారు గానీ, నిన్నమొన్నటి వరకు ఆమె నుంచి అందరూ కోరింది సరిగ్గా అదే. అంతకాలం మంచి స్కోర్లు తెచ్చిన అలవాటు ఇప్పుడు ఒక్కసారిగా చాలకుండా పోయింది. ఈ మార్పు కుదురుకోవడానికి ఒక సీజన్ పట్టినా ఆశ్చర్యపడనవసరం లేదు.

స్కోరు సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. హావభావాలు, కదలికల నాణ్యత, సంగీతంతో పొందిక సరిగా లేకపోతే జడ్జీలు తగ్గించేది పదోవంతులలోనే. పడిపోతే పోయే మార్కులతో పోలిస్తే అది చిన్నది. కానీ ఫ్లోర్ మీద పదోవంతులే స్థానాలను మార్చేస్తాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫ్లోర్ స్వర్ణం గెలిచిన బ్రెజిల్ క్రీడాకారిణి రెబెకా ఆంద్రాదే స్కోరు 14.166, రజతం పొందిన సిమోన్ బైల్స్ స్కోరు 14.133. అక్కడ బైల్స్ రెండుసార్లు గీత దాటడం వల్ల పోయిన మార్కులే ఫలితాన్ని తేల్చాయి తప్ప హావభావాలు కాదు. అయినా ఒక్క పదోవంతు ఎంత దూరం తీసుకుపోతుందో ఆ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది. నా దృష్టిలో మాత్రం స్కోరుకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. తన డాన్స్‌ను తాను ఇష్టపడి చేసే పిల్ల ఫ్లోర్ అంటే భయపడడం తగ్గిస్తుంది, ఆటలో ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇక చేయవలసిన పని. జిమ్‌లో గంటల తరబడి టంబ్లింగ్ సాధన జరుగుతుంది. డాన్స్ భాగాన్ని మాత్రం పిల్లలు నడుస్తూ, చేతులు సగం ఎత్తి, పైపైన చేసి వదిలేస్తారు. మీట్ రోజున ఒక్కసారిగా నిండుగా చేయమంటే శరీరానికి అది కొత్త. అందుకే కోచ్‌ను అడిగి వారానికి రెండు మూడు సార్లు టంబ్లింగ్ లేకుండా, సంగీతంతో, పూర్తి శక్తితో డాన్స్ ఒక్కటే చేయించమనండి. జిమ్‌లలో దీన్ని డాన్స్-త్రూ అంటారు. టంబ్లింగ్ రావలసిన చోట మూల నుంచి మూలకు మునివేళ్ల మీద నడిచి వెళ్తే చాలు. కదలికలు ఆలోచించకుండానే వచ్చేంతగా ఒంటబట్టినప్పుడు, అప్పటిదాకా వాటిని గుర్తు తెచ్చుకోవడానికి ఖర్చయిన ధ్యాస పిల్ల చేతికి తిరిగి వస్తుంది. భావం పుట్టేది ఆ మిగులులోంచే.

ఇంట్లో సాధన చేయాలంటే మొత్తం రొటీన్ ముట్టుకోకండి. మీరు రాసిన ఆ మోకాలి ఘట్టం ఒక్కటే తీసుకోండి. అది బహుశా ఎనిమిది లెక్కల, అంటే సంగీతంలో ఎనిమిది దరువుల, ఘట్టమై ఉంటుంది. ముందు సంగీతం లేకుండా, ఒక్కో లెక్కకు చూపు ఎక్కడ ఉండాలో అమ్మాయినే నిర్ణయించుకోమనండి. ఉదాహరణకు మొదటి రెండు లెక్కలలో మోకాలు నేలకు ఆనుతున్నప్పుడు చూపు కుడి అరచేతి మీద ఉండవచ్చు. మూడు, నాలుగు లెక్కలలో చెయ్యి నేల మీదుగా వెనక్కి జరుగుతుంటే కళ్లు దాని వెంటే వెళ్లాలి, తల మాత్రం ఒక క్షణం ఆలస్యంగా కదలాలి. ఐదు దగ్గర ఊపిరి లోపలికి తీసుకుంటే ఛాతీ దానంతట అదే తెరుచుకుంటుంది. ఆరు, ఏడు లెక్కలలో మెడ సాగి తల లేస్తుంది. ఎనిమిదో లెక్కను ఖాళీగా వదిలేయాలి, అక్కడ ఏ కదలికా ఉండకూడదు, జడ్జీలు కూర్చునే వైపు స్థిరమైన చూపు ఒక్కటే ఉండాలి. మీ అమ్మాయి హడావిడిగా ముగిస్తోందన్నారు కదా, పోతున్నది ఈ ఎనిమిదో లెక్కే. ఒక చిన్న విరామాన్ని పూర్తిగా నిలపగలిగిన పిల్ల నవ్వకపోయినా ఎంతో ఆత్మవిశ్వాసంతో కనిపిస్తుంది. ఒక ఘట్టం కుదిరాక రెండోదానికి వెళ్లండి. అన్నీ ఒకేసారి సరిచేయబోతే ఏదీ నిలవదు.

ఈ సాధన అద్దం ముందు ఎక్కువగా వద్దు. అద్దంలో తనను తాను చూసుకునే పిల్ల కళ్లు ఒకే ఎత్తులో నిలిచిపోతాయి, చూపు చేతి వెంట వెళ్లడం మానేస్తుంది. ఫోన్‌లో వీడియో తీసి, ఆమెనే చూసుకోనిచ్చి, ఏం మార్చాలో ఆమె నోటితోనే చెప్పించడం మేలు. పన్నెండు మీటర్ల చదరపు ఫ్లోర్‌కు అవతల కూర్చున్నవారికి పెదవుల మీది చిరునవ్వుకన్నా ముందు కనిపించేవి మెడ, భుజాలు, ఛాతీ, చేతి వేళ్లు, పాదాలు. గడ్డం కిందికి వాలి భుజాలు చెవుల దాకా లేచి ఉంటే ఎంత నవ్వినా బెదిరినట్టే ఉంటుంది. మూలకు నడిచి వెళ్లే నాలుగు అడుగులు కూడా రొటీన్‌లో భాగమే అని పిల్లలకు ఎవరూ గట్టిగా చెప్పరు. పాదం చాచి, మడమ ఎత్తి వేసే ఆ నాలుగు అడుగులు సరిగ్గా ఉంటే సగం యాటిట్యూడ్ వచ్చినట్టే.

మీ కూచిపూడి ఇక్కడ నిజంగా పనికివస్తుంది, కానీ అందులో ఒక్క అంగమే. ముద్రలు, విప్పారిన కళ్లతో చేసే రసాభినయం, అరమండి (మోకాళ్లు వంచి సగం కూర్చున్న భంగిమ), నేలను తట్టే అడుగు ఫ్లోర్ రొటీన్‌లోకి తేవద్దు. చాచిన మునివేళ్ల మీద తేలికగా కదలమనే జిమ్నాస్టిక్స్‌కు, పాదమంతా నేలకు తాకించే నాట్యపు అడుగులకు పొసగదు. మీ గురువుగారు మీకు నేర్పిన దృష్టిభేదాలను మాత్రం ఒక ఆటలా నేర్పండి. తల కదల్చకుండా కంటి కొసతో చూసే సాచి, కిందికి చూసే అవలోకితం, పైకి చూసే ఉల్లోకితం, ఈ మూడూ వస్తే పైన చెప్పిన మోకాలి ఘట్టానికి కావలసిన సరంజామా అంతా ఉన్నట్టే. చూపు చేతిని వదలకూడదని మన నాట్య సంప్రదాయం పట్టుబట్టి చెప్పే క్రమశిక్షణ, ఈ ఆటలో మన పిల్లలకు పుట్టింటి నుంచి వచ్చిన బలం అవుతుంది. ఒక్క షరతు: కొరియోగ్రాఫర్ కూర్చిన కదలికను మీరు ఇంట్లో మార్చకండి. మార్చాలనిపిస్తే కోచ్‌తో మాట్లాడండి. ఇద్దరు చెరో మాట చెబితే నలిగేది పిల్లే.

యాటిట్యూడ్ అన్న మాటను చాలామంది తల్లిదండ్రులు కన్ను గీటడం, నడుము తిప్పడం అన్న అర్థంలో తీసుకుంటారు. పదేళ్ల పిల్లకు పెద్దవాళ్ల హొయలు నేర్పడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు, కొరియోగ్రఫీలో అలాంటిది ఉండి అమ్మాయి ఇబ్బందిపడుతుంటే తీసేయమని అడిగే హక్కు మీకుంది. యాటిట్యూడ్ అంటే తాను చేస్తున్నది తనదేనన్న ధీమా. అది రెండు భిన్నమైన రూపాల్లో ఎలా ఉంటుందో అమ్మాయికి చూపించండి. 2019 జనవరిలో యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయం తరఫున ఫ్లోర్ చేసి పదికి పది తెచ్చుకున్న కేట్లిన్ ఒహాషి వీడియో ఒకటి. చిన్న వయసులో ఎలైట్ స్థాయిలో పోటీపడిన రోజుల్లో గాయాల వల్ల, తన శరీరం గురించి వినవలసివచ్చిన మాటల వల్ల ఆటలో ఆనందం పోగొట్టుకున్నానని ఆమె స్వయంగా చెప్పారు. ఆ ఆనందం తిరిగి దొరికాక ఆమె ఎలా చేశారో ఆ వీడియోలో కనిపిస్తుంది. అప్పటి ఆమె కోచ్ వాలరీ కొండోస్ ఫీల్డ్ జిమ్నాస్ట్ కారు, బాలే నర్తకి. రెండోది, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆల్‌రౌండ్ (అన్ని విభాగాలూ కలిపిన పోటీ) స్వర్ణం గెలిచిన నాస్తియా ల్యూకిన్ ఫ్లోర్. అందులో ఒహాషి చిలిపితనం వెతికినా దొరకదు. మెడ నుంచి వేలి చివరి వరకు సాగే నిండైన గీతే ఆమె భావం. నెమ్మదస్తురాలైన మీ అమ్మాయికి ఈ రెండోదే దగ్గరగా అనిపించవచ్చు. ఎంచుకోవడం ఆమెకే వదిలేయండి.

సంగీతం గురించి ఒక మాట. ఫ్లోర్ సంగీతంలో పాట మాటలు ఉండకూడదన్నది నియమం కాబట్టి, ఏ భావం పలికించాలో పిల్లకు చెప్పే ఆధారం అందులో ఉండదు. రాత్రి పడుకునే ముందు ఆ సంగీతాన్ని కలిసి వినండి. "ఇక్కడ నీకు ఏం జరుగుతున్నట్టు ఉంది?" అని అడగండి. ఎవరినో దొంగచాటుగా చూస్తున్నట్టుందని చెప్పినా, వానలో పరుగెడుతున్నట్టుందని చెప్పినా సరే, అది ఆమె చెప్పిన కథ కావడమే ముఖ్యం. ఎంత విన్నా ఏమీ అనిపించడం లేదంటే ఆ సంగీతం ఆమెకు సరిపడలేదేమో. సీజన్ ముగిశాక మార్చడం గురించి కోచ్‌ను అడగవచ్చు.

రొటీన్ చివరి భాగంలో ముఖం మరీ వాడిపోతోందా అన్నది కూడా గమనించండి. అలా అయితే అది భావం లోపం కాదు, ఊపిరి చాలకపోవడం. పెద్ద పోటీలలోనైనా ఫ్లోర్ 90 సెకన్లకు మించదు గానీ, మధ్యలో ఊపిరి బిగబట్టే పిల్లలకు అది చాలా పొడవు. ప్రతి టంబ్లింగ్ దిగాక మొదటి కదలికలో ఊపిరి బయటికి వదలడం అలవాటు చేయమని కోచ్‌ను కోరండి. పరుగు అందుకునే ముందు మూలలో ఆమె ముఖం గంభీరంగా మారితే మాత్రం పట్టించుకోవద్దు, ఆ క్షణంలో ఏకాగ్రత ఆమెకు రక్షణ.

మీట్ రోజున ఈ విషయాలేవీ ఎత్తకండి. గుర్తు చేయాలనిపిస్తే ఒకే ఒక్కటి, ఆ వారం సాధన చేసిన ఘట్టంలో చూపు ఎక్కడ ఉండాలన్నది చెప్పండి. తిరిగి వచ్చేటప్పుడు కారులో నవ్వలేదన్న ప్రస్తావన తేవద్దు. ఎనిమిదో లెక్క దగ్గర ఆమె నిజంగా ఆగి ఉంటే, ఆగిందని మీరు చూశారని మాత్రం చెప్పండి.