రియాక్షన్లు గుర్తుండవు... డిగ్రీలో కెమిస్ట్రీ చేయగలనా?

ప్రశ్న: ఈ ఏడాదితో స్కూలు చదువు పూర్తవుతుంది. డిగ్రీలో కెమిస్ట్రీ చేయాలని ఉంది. ల్యాబ్ అంటే చాలా ఇష్టం. కానీ ఆర్గానిక్ రియాక్షన్లు ఎంత చదివినా గుర్తుండవు, మార్కులన్నీ అక్కడే పోతున్నాయి. లెక్కలు ఓ మాదిరిగా చేస్తాను. ఇంట్లోనేమో 'కెమిస్ట్రీ చదివితే టీచర్ ఉద్యోగం తప్ప ఏముంటుంది? అంత ఇష్టమైతే కెమికల్ ఇంజినీరింగ్ తీసుకో, రెండూ ఒకటేగా' అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: రియాక్షన్లు గుర్తుండకపోవడం గురించే ముందు మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ భయం అంతా అక్కడే ఉంది. దాన్ని మీరు లోపం అనుకుంటున్నారు. నేను అనుకోవడం లేదు. డిగ్రీలో ఎదురయ్యే రియాక్షన్లు వందల్లో ఉంటాయి. వాటిని బట్టీ పట్టి మూడు నాలుగేళ్లు నెట్టుకొచ్చినవాళ్లను నేను చూడలేదు. స్కూల్లో కెమిస్ట్రీలో ఫస్ట్ వచ్చి, డిగ్రీ మొదటి ఏడాదిలోనే బెంబేలెత్తిపోయినవాళ్లను మాత్రం చాలామందినే చూశాను. వాళ్ల తెలివికి ఏ లోటూ లేదు. అప్పటిదాకా జ్ఞాపకశక్తి ఒక్కటే వాళ్లను నడిపించింది, అది అక్కడ ఆగిపోయింది.

ఆర్గానిక్ కెమిస్ట్రీ గుర్తుంచుకోవడానికి ఒకే ఒక్క దారి ఉంది: ప్రతి రియాక్షన్‌లో ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి బయల్దేరి ఎక్కడికి వెళ్తున్నాయో చూడటం. అవి ఎక్కువగా ఉన్నచోటి నుంచి తక్కువగా ఉన్నచోటికి వెళ్తాయి. పుస్తకాల్లో కనిపించే వంపు బాణాల అర్థం ఇదే. రాబిన్సన్, కెర్మాక్ అనే ఇద్దరు 1922లో ఆ బాణాలను వాడకంలోకి తెచ్చారు. అప్పటి నుంచి కెమిస్టులు మాట్లాడుకునేది ఆ భాషలోనే.

కార్బొనైల్ గ్రూప్‌ను, అంటే కార్బన్, ఆక్సిజన్‌ల మధ్య డబుల్ బాండ్ ఉన్న భాగాన్ని తీసుకోండి. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది కాబట్టి పక్కనున్న కార్బన్‌కు వాటి కొరత. ఎలక్ట్రాన్ల జంట చేతిలో ఉన్నది ఏది వచ్చినా ఆ కార్బన్ మీదే పడుతుంది. సైనైడ్ వచ్చినా అంతే, గ్రిగ్నార్డ్ రియేజెంట్ వచ్చినా అంతే, హైడ్రైడ్ వచ్చినా, అమీన్ వచ్చినా అంతే. స్కూలు పుస్తకంలో ఇవి నాలుగు వేర్వేరు రియాక్షన్లు, నాలుగు పేర్లు, నాలుగు సమీకరణాలు. మెకానిజం, అంటే రియాక్షన్ అడుగడుగునా జరిగే తీరు తెలిసినవాళ్లకు మొదటి అడుగు అన్నింటిలోనూ ఒకటే. ఆ తర్వాత ఏది ఊడిపోతుంది, ఏది మిగులుతుంది అన్నదే తేడా.

మీరు ఈ చదువుకు సరిపోతారో లేదో తేల్చుకోవడానికి ఓ చిన్న పరీక్ష పెట్టుకోండి. కార్బన్ మీదున్న ఒక గ్రూపు పోయి దాని చోటికి మరొకటి వచ్చే ఎస్‌ఎన్‌2 రియాక్షన్‌లో న్యూక్లియోఫైల్ (ఎలక్ట్రాన్ల జంటతో వచ్చేది) వెనక నుంచి వస్తుందనీ, గాలికి గొడుగు తిరగబడినట్టు కార్బన్ చుట్టూ ఉన్న మూడు బంధాలు అటువైపుకు తిరుగుతాయనీ చదివే ఉంటారు. ఇప్పుడు ఆ కార్బన్‌కు మూడు పెద్ద గ్రూపులు ఉంటే ఏమవుతుందో పుస్తకం మూసేసి కాగితం మీద గీసి చూడండి. వెనక దారి మూసుకుపోయిందనీ, రియాక్షన్ మరో దారి వెతుక్కోవాలనీ మీ అంతట మీకే తోస్తే, తోచినప్పుడు కాస్త సంతోషం కలిగితే, మీకు ఆర్గానిక్ వస్తుంది. పది రోజులు ఇలాగే చదివి చూడండి. అప్పటికీ విసుగే మిగిలితే అప్పుడు మరోసారి ఆలోచిద్దాం.

మిమ్మల్ని నేను నిజంగా హెచ్చరించాల్సింది లెక్కల గురించి. ఫిజికల్ కెమిస్ట్రీలో అడుగుపెట్టగానే చాలామంది 'మేం లెక్కలు వదిలించుకోవడానికి కదా ఇటొచ్చింది' అని బాధపడతారు. థర్మోడైనమిక్స్‌కు పార్షియల్ డెరివేటివ్‌లు కావాలి. రియాక్షన్ల వేగాన్ని లెక్కగట్టే కైనటిక్స్‌కు ఇంటిగ్రేషన్, లాగరిథమ్‌లు కావాలి. ఫస్ట్ ఆర్డర్ రియాక్షన్‌లో హాఫ్ లైఫ్ 0.693ను రేటు స్థిరాంకంతో భాగిస్తే వస్తుందని సూత్రం చదివితే రెండు నిమిషాల పని. కానీ మొదట ఎంత పదార్థం ఉన్నా సగం అవడానికి అంతే సమయం ఎందుకు పడుతుందో తెలియాలంటే, ఆ సమీకరణాన్ని ఒకసారైనా మీ చేత్తో ఇంటిగ్రేట్ చేయాలి.

ఆ తర్వాత క్వాంటం మెకానిక్స్ వస్తుంది. 1926లో ష్రోడింగర్ ఇచ్చిన సమీకరణాన్ని పెట్టెలో బంధించిన ఒక కణానికి వర్తింపజేసే లెక్క అందరికీ చెబుతారు. మొదట చూస్తే దీనికీ కెమిస్ట్రీకీ సంబంధమేమిటనిపిస్తుంది. పెట్టె పొడవు పెరిగే కొద్దీ శక్తి స్థాయుల మధ్య దూరం తగ్గుతుందని ఆ లెక్క చెబుతుంది. అణువులో ఎలక్ట్రాన్లు తిరిగే డబుల్ బాండ్ల వరుసే ఇక్కడ పెట్టె. ఇథిలీన్‌లో ఒకే డబుల్ బాండ్, పెట్టె చిన్నది. అందుకే అది మన కంటికి కనిపించని అల్ట్రావయొలెట్ కాంతిని పీల్చుకుంటుంది, దానికి రంగు లేదు. బీటా కెరోటిన్‌లో ఒకటి విడిచి ఒకటిగా వరుసగా 11 డబుల్ బాండ్లు, పెట్టె పొడవైనది. అది నీలికాంతిని పీల్చుకుని నారింజ రంగులో కనిపిస్తుంది. ఒక రంగు వెనక ఇంత లెక్క ఉందని తెలిసిన రోజు నాకింకా గుర్తుంది. లెక్కలు ఓ మాదిరిగా వస్తే చాలు, కానీ వాటి నుంచి పారిపోకూడదు. డిగ్రీ మొదలయ్యేలోపు డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, లాగరిథమ్‌లు మళ్లీ ఒకసారి చేసి ఉంచుకోండి.

ల్యాబ్ ఇష్టం అన్నారు, చాలా సంతోషం. ల్యాబ్‌లో మీకు నచ్చేది ఏమిటో మాత్రం ఒకసారి ఆలోచించుకోండి. రంగులు మారడం, అవక్షేపం పడటం చూడటానికి బాగుంటాయి. డిగ్రీ ల్యాబ్‌లో ఎక్కువ సమయం ఓపికకే పోతుంది. టైట్రేషన్ ఒకసారి చేస్తే సరిపోదు. బ్యూరెట్ రీడింగులు 0.1 మిల్లీలీటరు తేడాలోపు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. పదార్థాన్ని వేడి సాల్వెంట్‌లో కరిగించి, చల్లార్చి శుద్ధ స్ఫటికాలుగా తీసే రీక్రిస్టలైజేషన్‌లో సాల్వెంట్ కాస్త ఎక్కువ పోస్తే స్ఫటికాలు రావు. తొందరపడి గబగబా చల్లారిస్తే స్ఫటికాలతోపాటు మలినాలూ లోపలే చిక్కుకుంటాయి. అన్నీ సరిగ్గా చేశారో లేదో చివర్లో మెల్టింగ్ పాయింట్ చెప్పేస్తుంది: ఒకటి రెండు డిగ్రీల్లోపే కరిగిపోతే పదార్థం శుద్ధంగా ఉన్నట్టు, ఏడెనిమిది డిగ్రీల మేర సాగుతూ కరిగితే పని మళ్లీ మొదటికి వచ్చినట్టు. ఆ 'మళ్లీ మొదటికి' అన్నది మీకు మరీ కష్టంగా తోచకపోతే మీరు ల్యాబ్ మనిషే.

ఇక్కడే ఒక మాట. ల్యాబ్ నోట్‌బుక్‌లో చూసింది చూసినట్టు, అక్కడికక్కడే, పెన్నుతో రాసే అలవాటు చేసుకోండి. తప్పైతే ఒక గీత కొట్టండి, చెరిపేయకండి. రావాల్సిన విలువ ముందే తెలుసు కదా అని రీడింగ్ సర్దేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ ఒక్క అలవాటు ముదిరితే కెమిస్ట్‌గా వాళ్ల మాటకు విలువ ఉండదు.

ఇక ఇంట్లోవాళ్ల మాట. కెమిస్ట్రీ, కెమికల్ ఇంజినీరింగ్ రెండూ ఒకటి కాదు. తేడా తెలియాలంటే అమ్మోనియా కథ చాలు. నైట్రోజన్, హైడ్రోజన్‌లను కలిపి అమ్మోనియా చేయవచ్చని 1909లో ఫ్రిట్జ్ హేబర్ తన ల్యాబ్‌లో చుక్కలు చుక్కలుగా తీసి చూపించారు. ఏ ఉష్ణోగ్రత, ఎంత పీడనం, ఏ ఉత్ప్రేరకం అన్నవి కెమిస్ట్ ప్రశ్నలు. దాన్ని ఫ్యాక్టరీగా మార్చే పని కార్ల్ బాష్ మీద పడింది. అంత పీడనంలో హైడ్రోజన్ ఉక్కులోని కార్బన్‌ను లాగేసి గొట్టాలను పెళుసుగా చేసేది, అవి పగిలిపోయేవి. లోపల మెత్తటి ఇనుప పొర వేసి, బయటి ఉక్కు గొట్టానికి సన్నటి రంధ్రాలు పెట్టి, ఆ పొర దాటి వచ్చిన హైడ్రోజన్ బయటికి పోయేలా చేశారు. 1913లో జర్మనీలోని ఓపావ్‌లో ఉత్పత్తి మొదలైంది. పదార్థం ఎలా ప్రవర్తిస్తుందన్న ప్రశ్న మిమ్మల్ని నిద్రపోనివ్వదా, గొట్టం పగలకుండా ఎలా ఆపాలన్న ప్రశ్నా? మొదటిదైతే కెమిస్ట్రీ. రెండోదైతే కెమికల్ ఇంజినీరింగ్, అందులో లెక్కలూ వేడి, ద్రవాల ప్రవాహాల పాఠాలూ ఎక్కువ, బీకరుతో పని తక్కువ. మీ ఉత్తరంలో ల్యాబ్ మాటే ఉంది కాబట్టి నేను మొదటిదానివైపే మొగ్గుతున్నాను.

టీచర్ ఉద్యోగం ఒక్కటే అన్నది నిజం కాదు. అలాగని డిగ్రీ పట్టా చేతికొస్తే చాలు రీసెర్చ్ ఉద్యోగం వచ్చేస్తుందని మిమ్మల్ని నమ్మించనూ లేను. డిగ్రీతో మొదట దొరికేవి మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్, రంగులు, ప్లాస్టిక్‌ల తయారీ, నీటి పరీక్షలు, ఆహార పరీక్షల ల్యాబ్‌లు. కొత్త అణువులు తయారుచేయాలన్నా, బ్యాటరీ పదార్థాల మీద పనిచేయాలన్నా మాస్టర్స్, చాలాచోట్ల పీహెచ్‌డీ కావాలి. అంటే ఇంకా ఎన్నో ఏళ్ల చదువు. ఈ విషయం ఇంట్లో ఇప్పుడే చెప్పండి. డిగ్రీ ముగిశాక చెబితే అది గొడవ అవుతుంది. పేటెంట్లు, ఫోరెన్సిక్ ల్యాబ్‌లు, సైన్స్ రచన లాంటి దారులూ ఉన్నాయి. కాస్త ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే ఇంకొన్ని తెరుచుకుంటాయి. 2024లో కెమిస్ట్రీ నోబెల్ ప్రోటీన్ల ఆకారాన్ని కంప్యూటర్‌తో పట్టుకున్నవాళ్లకూ, కొత్త ప్రోటీన్లను కంప్యూటర్‌తో రూపొందించినవారికీ వచ్చింది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనాలు చూసి మోసపోకండి. వారానికి ల్యాబ్ ఎన్ని గంటలు? ఐఆర్ (అణువులోని బంధాలను గుర్తించేది), హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసేది) లాంటి పరికరాల మీద విద్యార్థులే చేయి వేస్తారా, లేక ఎవరో చేస్తుంటే చుట్టూ నిలబడి చూస్తారా? చివరి ఏడాదిలో సొంత ప్రాజెక్టు ఉందా? ఈ మూడూ అధ్యాపకులను కాదు, అక్కడ రెండో ఏడాది చదువుతున్నవాళ్లను అడగండి. వీలైతే వాళ్ల ల్యాబ్ నోట్‌బుక్ ఒకటి చూపించమనండి. అందులో కొట్టివేతలూ, 'రాలేదు, మళ్లీ చేశాం' అని రాసిన పేజీలూ కనిపిస్తే అక్కడ చేరండి.