రూలు మారిన ఖర్చు ఎవరి మీద పడుతుంది?

ఓటు, ఓటరు జాబితా, పోస్టల్ బ్యాలెట్ మీద పాఠకుల ప్రశ్నలకు నేను ఇక్కడ జవాబులు ఇస్తుంటాను. వరంగల్‌లో ఎన్నికల విభాగంలో డిప్యూటీ తహసీల్దారుగా చేసి, 2024 లోక్‌సభ ఎన్నికలయ్యాక రిటైరయ్యాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రూల్స్ మారడం గురించే.

ప్రశ్న: మేడమ్, నమస్తే. 2023 నవంబరు అసెంబ్లీ ఎన్నికలప్పుడు మా నాన్నకు 82 ఏళ్లు. ఆఫీసర్లు ఇంటికే వచ్చి ఓటు వేయించుకుని వెళ్లారు. ఆర్నెల్లు తిరక్కముందే లోక్‌సభ ఎన్నికలొస్తే బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) వచ్చి, ఈసారి మీకు లేదు, బూత్‌కు రావాల్సిందే అన్నాడు. మే ఎండలో ఆటో మాట్లాడుకుని తీసుకెళ్లాం. ఖర్చు తగ్గించుకోవడానికే ఇలా చేశారా? (ఒక పాఠకురాలు, నర్సంపేట)

జవాబు: అమ్మా, మీ బీఎల్వో చెప్పింది నిజమే. 80 ఏళ్లు దాటినవాళ్లకు, 40 శాతం అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లకు పోస్టల్ బ్యాలెట్, అంటే ఇంటి ఓటు, ఇవ్వొచ్చని 2019 అక్టోబరులో రూల్స్ మార్చారు. 2024 మార్చి 1న ఆ 80ని 85 చేశారు. మన దగ్గర పోలింగ్ మే 13న. అంటే మధ్యలో ఉన్నది రెండున్నర నెలలు.

ఎన్నికల కమిషన్ చెప్పిన కారణం ఖర్చు కాదు. అంతకుముందు జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో 80 దాటినవాళ్లలో రెండు మూడు శాతం మందే ఇంటి ఓటు కోరుకున్నారని, మిగతావాళ్లు బూత్‌కే వచ్చారని చెప్పారు. కానీ ఆ కొద్దిమంది కోసం ఎంత పని నడుస్తుందో బయటివాళ్లకు తెలియదు. బీఎల్వో ఇల్లిల్లూ తిరిగి ఫారం 12డి (ఇంటి ఓటు దరఖాస్తు) ఇచ్చి తిరిగి తీసుకోవాలి. ఆర్వో (రిటర్నింగ్ అధికారి) ఆఫీసులో వాటిని పరిశీలించి, ఓటరు జాబితాలో ఆ పేరు పక్కన 'పీబీ' (పోస్టల్ బ్యాలెట్) అని రాయాలి. ఏ రోజు ఏ ఊరు వెళ్తామో ఓటరుకూ అభ్యర్థులకూ ముందే చెప్పాలి. ఆ రోజు ఇద్దరు పోలింగ్ సిబ్బంది, ఒక పోలీసు, వీడియో తీసే మనిషి, ఒక బండి కదలాలి. ఓటు గుట్టుగా వేయడానికి అట్ట డబ్బా చంకన పెట్టుకుని పోవాలి. టౌన్‌లో అయితే వరసగా ఇళ్లు తిరగొచ్చు. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు గూడేనికొక ముసలమ్మ ఉంటుంది. రెండు గూడేలు తిరిగేసరికి పొద్దు వాలిపోతుంది. మనిషి ఇంట్లో లేకపోతే ఇంకోసారి వెళ్లాలి.

2020లో కరోనా కాలంలో ఇదే వయసును 65కు తగ్గించారు కూడా. ఆ ఏడాది జులైలో, బిహార్ ఎన్నికల ముందు, అంతమందికి సిబ్బందినీ ఏర్పాట్లనూ సమకూర్చలేమని కమిషన్ దాన్ని అమలు చేయలేదు. రూల్ రాయడం తేలికే. ఊరూరా దాన్ని మోసుకెళ్లే మనుషులెందరో ముందే లెక్కేసుకోవాలి.

వయసు మార్చినందుకు నాకు అభ్యంతరం లేదు. నా బాధల్లా వేరే. అంతకుముందే ఇంట్లో ఓటు వేసిన పెద్దవాళ్ల పేర్లు, ఇంటి నంబర్లతో సహా రిజిస్టర్లలో ఉన్నాయి. అందులో 85 నిండనివాళ్లకు ఒక్కొక్క ఉత్తరం పంపితే సరిపోయేది. ఆ పని ఫలానావాళ్లు చేయాలని ఏ సర్క్యులర్‌లోనూ నాకు కనిపించలేదు. ఆఫీసు లెక్కల్లో తగ్గిన డబ్బు ఆటో కిరాయిగా మీ ఇంటి మీద పడింది.

ఇంకో మాట. అసెంబ్లీ ఎన్నికల ఖర్చు రాష్ట్రానిది, లోక్‌సభది కేంద్రానిది, రెండూ కలిసొస్తే చెరి సగం. కాబట్టి నవంబరులో మీ ఇంటికొచ్చిన బండికి రాష్ట్రం కట్టింది. మేలో వచ్చి ఉంటే కేంద్రం కట్టాల్సి వచ్చేది. 2028 అసెంబ్లీ ఎన్నికల నాటికి నాన్నగారు 85 దాటతారు. ఇప్పటి రూలే ఉంటే మళ్లీ ఇంటి ఓటు అడగొచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి అమెరికా పౌరసత్వం వచ్చింది, పెన్సిల్వేనియాలో ఉంటాడు. బ్యాలెట్ పోస్టులో ఇంటికే వస్తుందట. ఇక్కడా అలాగే చేస్తే బూత్‌ల ఖర్చు మొత్తం మిగలదా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: అన్నా, అక్కడ ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. బ్యాలెట్లు పంపేదీ లెక్కపెట్టేదీ కౌంటీలు. అవి మన జిల్లాల్లాంటివి. పోస్టు ఓటుతో ఖర్చు తగ్గిన చోటు ఉంది, పెరిగిన చోటూ ఉంది. కొలరాడోలో 2013లో చట్టం మార్చి ఓటర్లందరికీ బ్యాలెట్ పోస్టులో పంపడం మొదలుపెట్టారు. ప్యూ అనే పరిశోధన సంస్థ 46 కౌంటీల లెక్కలు తీస్తే 2008తో పోల్చితే 2014లో ఖర్చు సగటున 40 శాతం తగ్గింది. అక్కడ బూత్‌లను తగ్గించి కొన్ని సెంటర్లుగా కలిపారు కాబట్టే అది మిగిలింది.

మీ అబ్బాయి ఉండే రాష్ట్రంలో బూత్‌లను అలాగే ఉంచి, 2019 చట్టంతో అడిగినవాళ్లందరికీ పోస్టు ఓటు ఇచ్చారు. అంటే రెండు ఎన్నికల పని. పైగా పోలింగ్ రోజు ఉదయం 7 కాకముందు కవర్లు విప్పకూడదు. 2020లో కరోనా వల్ల కవర్లు గుట్టలుగా వచ్చాయి, అక్కడ ఎవరు గెలిచారో తేలడానికి నాలుగు రోజులు పట్టింది. 2022లో ఇంకో చట్టం చేసి కౌంటీలకు 4.5 కోట్ల డాలర్లు కేటాయించారు. ఆ డబ్బు తీసుకున్న కౌంటీ ఆపకుండా లెక్కపెట్టాలి. 7 గంటల నిబంధనను మాత్రం కదిలించలేదు. కవర్లు ముందుగా విప్పనిస్తే ఆ టెన్షన్‌లో సగం ఉండేది కాదు.

టెక్సాస్ ముచ్చట నన్ను ఇంకా కలవరపెట్టింది. 2021లో చట్టం మార్చి, పోస్టు ఓటు కవరు మీద డ్రైవింగ్ లైసెన్సు నంబరో, సోషల్ సెక్యూరిటీ నంబరు (అక్కడి ప్రభుత్వ గుర్తింపు నంబరు)లో చివరి నాలుగు అంకెలో రాయాలన్నారు. అది రికార్డులో ఉన్నదానితో సరిపోవాలి. 2022 మార్చిలో జరిగిన ప్రైమరీల్లో (పార్టీలు అభ్యర్థులను ఎంచుకునే ఎన్నికల్లో) పోస్టు ఓట్లలో 12 శాతానికి పైగా చెల్లకుండా పోయాయి. అదే ఏడాది నవంబరుకు 3 శాతం లోపుకు దిగింది. చట్టం అదే, ఓటర్లూ దాదాపు వాళ్లే. మధ్యలో ఆఫీసువాళ్లు కవర్లు సవరించి, ఫోన్లు చేసి, జనానికి నేర్పారు. ఆ నేర్పే పనిని మొదటి ఎన్నికకు ముందే చేసి ఉంటే మార్చిలో అన్ని ఓట్లు పోయేవి కాదు.

ఆ వార్త చదివినప్పుడు నాకు ఎనుమాముల మార్కెట్ యార్డులోని మా కౌంటింగ్ టేబుల్ గుర్తొచ్చింది. ఉదయం 8 గంటలకు లెక్కింపు పోస్టల్ బ్యాలెట్లతోనే మొదలవుతుంది. పెద్ద కవరు విప్పితే లోపల రెండు ఉండాలి: 13ఎ అనే డిక్లరేషన్, బ్యాలెట్ ఉన్న చిన్న కవరు. ముందు 13ఎ చూస్తాం. ఓటరు సంతకం ఉందా, ఆఫీసరు ధ్రువీకరణ ఉందా, అందులోని బ్యాలెట్ నంబరు చిన్న కవరు మీది నంబరుతో కలుస్తుందా. ఒక్కటి తప్పినా చిన్న కవరు విప్పం. లోపల ఎవరికి టిక్కు పెట్టారో ఎవరికీ తెలియకుండానే అది తిరస్కరించిన కట్టలోకి పోతుంది. జీవితమంతా బడిలో పిల్లలచేత సంతకాలు పెట్టించిన టీచర్ల కవర్లు కూడా అలా పక్కకు పోవడం చూశాను.

అందుకే ఎన్నికల డ్యూటీలో ఉన్నవాళ్లు బ్యాలెట్ ఇంటికి తీసుకెళ్లకుండా ఫెసిలిటేషన్ సెంటర్‌లోనే (వాళ్ల కోసం పెట్టే ప్రత్యేక ఓటింగ్ కేంద్రంలో) ఓటు వేయాలని 2023 ఆగస్టులో రూల్ మార్చినప్పుడు సంతోషించాను. సెంటర్లు పెట్టాలి, సిబ్బందిని కూర్చోబెట్టాలి, ఒక నియోజకవర్గం బ్యాలెట్లు ఇంకో నియోజకవర్గానికి చేర్చాలి. ఖర్చు కచ్చితంగా పెరిగింది. కానీ సంతకం, ధ్రువీకరణ అక్కడే మన కళ్లముందే అయిపోతాయి. అటువంటి ఖర్చు ఎంతైనా పెట్టాలి.

ప్రశ్న: 2025లో స్థానిక ఎన్నికల షెడ్యూలు వచ్చి ఆగిపోయింది కదా. అప్పటిదాకా పెట్టిన ఖర్చు ఏమైనట్టు? (ఒక పాఠకుడు, జమ్మికుంట)

జవాబు: తమ్ముడూ, స్థానిక ఎన్నికల ఖర్చు పూర్తిగా రాష్ట్రానిదే. బీసీలకు 42 శాతం రిజర్వేషన్ జీవో సెప్టెంబరు 26న, షెడ్యూలు 29న వచ్చాయి. అక్టోబరు 9న నామినేషన్లు మొదలైన రోజే హైకోర్టు స్టే ఇచ్చింది. ఆ తర్వాత మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకుండా మళ్లీ ఖరారు చేసి డిసెంబరు 11, 14, 17 తేదీల్లో పంచాయతీ ఎన్నికలు పెట్టారు.

సర్పంచి గులాబీ బ్యాలెట్ మీద, వార్డు మెంబరు తెల్ల బ్యాలెట్ మీద అభ్యర్థుల పేర్లుండవు, గుర్తులే ఉంటాయి. అవి ఏ రిజర్వేషన్‌కైనా పనికొస్తాయి. వృథా అయ్యింది మనుషుల పని. వార్డు వార్డుకూ రిజర్వేషన్ రిజిస్టర్లు, మహిళా స్థానాలకు లాటరీలు, గెజిట్లు, ట్రైనింగులు మళ్లీ మొదటికొచ్చాయి. మండలాఫీసుల్లో ఆ నెలంతా భూమి పని, పెన్షన్ పని వెనకబడింది. ఆ నష్టం ఏ బిల్లులోనూ కనబడదు. రిజర్వేషన్ ఎంత ఉండాలన్నది అసెంబ్లీ, కోర్టులు తేల్చాల్సిన విషయం, దానిమీద నేను చెప్పేదేమీ లేదు. నేను అడిగేది ఒక్కటే. ఖర్చుతో కూడిన బిల్లు సభలో పెట్టేటప్పుడు ఆర్థిక వివరణ పత్రం జతచేస్తారు. ఎన్నికల రూల్ మార్చే జీవోకూ అటువంటి పేజీ ఒకటి ఉండాలి. ఎందరు సిబ్బంది, ఎన్ని రోజులు, ఎవరి పద్దు అనేది అందులో రాయాలి.

ప్రశ్న: మా అమ్మకు 87 ఏళ్లు. ఫారం 12డి ఎప్పుడివ్వాలి? (ఒక పాఠకురాలు, భూపాలపల్లి)

జవాబు: నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి ఐదు రోజుల్లోపు, బీఎల్వో ద్వారా. అది ఆమోదం పొందాక మనసు మారినా బూత్‌లో ఓటు వేయనివ్వరు. ఇది లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల రూలు. పంచాయతీ ఎన్నికలకు వర్తించదు. టీం రెండోసారి వచ్చినప్పుడూ అమ్మ ఇంట్లో లేకపోతే మూడోసారి రారు. కాబట్టి ఆ వారం ఆమెను చుట్టాలింటికి పంపకండి.