అందరూ అంటున్నారు సరే, అమ్మాయి మార్కులు చూశారా?

ప్ర: మా అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్ ఫైనలియర్. ఉద్దానం కిడ్నీ జబ్బులాంటి వాటికి కారణాలు తేల్చే లెక్కలు నేర్చుకుంటానంటూ ఎమ్మెస్సీ బయోస్టాటిస్టిక్స్ అంటోంది. ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు చేయిస్తే వెంటనే ఉద్యోగమని అందరూ అంటున్నారు. ఏది మేలు?
- ఒక తండ్రి, పలాస

జ: అడిగింది కోర్సు గురించే అయినా మీ దిగులు అమ్మాయి ఖాళీగా ఉండిపోతుందేమోనని. ఆ దిగులు అక్కర్లేదు. పునాది గట్టిగా ఉండి, ఆర్, శాస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్లు వచ్చిన బయోస్టాటిస్టిక్స్ పిల్లలకు హైదరాబాద్, బెంగళూరు ఫార్మా, క్లినికల్ ట్రయల్ కంపెనీల్లో పని ఉంటుంది.

ఆరు నెలల కోర్సుల మీదే నాకు అనుమానం. అక్కడ నేర్పేది ఎక్కువగా అంచనా, అంటే జబ్బు ఎవరికి రావచ్చో చెప్పడం. ఏది ఆపితే జబ్బు తగ్గుతుందన్నది వేరే ప్రశ్న. దానికే కాజల్ ఇన్ఫరెన్స్ (causal inference), అంటే దేనికి ఏది కారణమో తేల్చే పద్ధతి. కిడ్నీ రోగుల్లో నొప్పిమాత్రలు వాడినవాళ్లు ఎక్కువ కనిపించారనుకోండి. అంచనా మోడల్ మాత్రను పట్టిస్తుంది. కానీ ఎండలో వంగి పనిచేసేవాళ్లే ఒళ్లునొప్పులకు మాత్ర మింగుతారు. ఆ ఎండే కిడ్నీనీ దెబ్బతీస్తుండొచ్చు. కనుక ఎండపనిని లెక్కలోకి తేవాలి. అలాగని దొరికిన కాలమ్‌లన్నీ కుక్కకూడదు. మాత్రల తర్వాత పెరిగిన క్రియాటినిన్‌నీ (కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగేది) కలిపేస్తే మాత్ర చేసిన హాని అందులోనే మాయమవుతుంది. ఏది కలపాలో కంప్యూటర్ చెప్పదు. దేనివల్ల ఏది జరుగుతుందో చూపే బాణాల బొమ్మ గీసి, డాక్టర్లతో, ఊరివాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి.

అమ్మాయికి ఇది పడుతుందో లేదో ఒక్క సాయంత్రంలో తెలుస్తుంది. ఆర్‌లో ఆర్‌నార్మ్‌తో (యాదృచ్ఛిక సంఖ్యలు ఇచ్చే ఆదేశం) వెయ్యిమందికి ఎక్స్, వై అని ఒకదానికొకటి సంబంధంలేని రెండు సంఖ్యలు పుట్టించమనండి. రెండూ కూడి, ఇంకో ఆర్‌నార్మ్ జోడిస్తే జెడ్. వైని ఎక్స్ మీద రిగ్రెస్ చేస్తే, అంటే ఎక్స్‌తో పాటు వై ఎంత మారుతుందో లెక్కిస్తే, ఎక్స్ గుణకం సున్నా దగ్గర ఉంటుంది. జెడ్‌నీ చేరిస్తే మైనస్ 0.5 దగ్గరికి పడుతుంది. లేని సంబంధం పుట్టుకొచ్చింది! జెడ్ అంటే ఆసుపత్రికి రావడం అనుకోండి: వచ్చినవాళ్లనే లెక్కించే సర్వేల్లో జరిగేదిదే. ఎందుకిలా అని అన్నానికి కూడా లేవకపోతే ఇక ఆపకండి.

వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ), ముంబయి ఐఐపీఎస్ (జనాభా అధ్యయన సంస్థ)లలో బయోస్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీలున్నాయి. ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లో ఎంస్టాట్, అంటే స్టాటిస్టిక్స్ పీజీ సీటు, వస్తే ఇంకా మంచిది. ఒక్క మాట: పరిశోధన సంస్థల్లో తొలి ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు కాంట్రాక్టులే. పర్మినెంటు కాదని అప్పుడు ఇంట్లో గొడవ చేయొద్దు.

ఇంతకీ ఆ "అందరి"లో అమ్మాయి మార్కుల మెమో చూసినవారెవరు? మూడేళ్లు స్టాటిస్టిక్స్ చదివిన పిల్లకు మళ్లీ మీన్, మీడియన్ చెప్పించడానికి డబ్బు కడతారా? పైథాన్ తనంతట తనే నేర్చుకుంటుంది. ఆ ఫీజు అట్టే ఉంచండి, వెల్లూరు హాస్టల్‌కు పనికొస్తుంది.