హైస్కూల్లో చదివిన కాల్‌క్యులస్‌కి అమెరికా యూనివర్సిటీలో క్రెడిట్ వస్తుందా?

వస్తుంది, కానీ క్లాసులో ఏ గ్రేడ్ వచ్చినా దానితోనే రాదు. మే నెలలో కాలేజ్ బోర్డ్ అనే అమెరికా సంస్థ పెట్టే ఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్ష రాయాలి. స్కోరు 1 నుంచి 5 దాకా ఉంటుంది.

కాల్‌క్యులస్‌లో ఏబీ, బీసీ అని రెండు ఏపీ పరీక్షలు ఉంటాయి. ఏబీ దాదాపు ఒక సెమిస్టర్ కాల్‌క్యులస్‌కి, బీసీ రెండు సెమిస్టర్లకి సమానం. ఎంత స్కోరు కావాలన్నది ఆయా యూనివర్సిటీ ఇష్టం. ఎంఐటీలో బీసీలో 5 వస్తేనే మొదటి కాల్‌క్యులస్ కోర్సుకు క్రెడిట్ ఇస్తారు, ఏబీకి ఇవ్వరు. కాలిఫోర్నియా యూనివర్సిటీ 3 వచ్చినా యూనిట్లు, అంటే డిగ్రీ మొత్తంలో లెక్కకొచ్చే క్రెడిట్లు, ఇస్తుంది. అయితే యూనిట్లు వేరు, మీ డిగ్రీకి కావాల్సిన కోర్సు మళ్లీ చదవక్కర్లేకపోవడం వేరు. తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. చేరబోయే డిపార్ట్‌మెంట్‌ని విడిగా అడగండి.

క్రెడిట్ వచ్చింది కదా అని వెంటనే పై కోర్సులోకి దూకకండి. ముందు ఒక కాగితం తీసుకుని, కాలిక్యులేటర్ ముట్టకుండా x·sin x ని ఇంటిగ్రేట్ చేసి, sin x కి టేలర్ సిరీస్ రాసి చూడండి. బీసీ చదివినవాళ్లు ఇక్కడ తడబడితే, ఇంజినీరింగ్‌కి వెళ్లేవాళ్లయినా సరే, రెండో కాల్‌క్యులస్ మళ్లీ చదవమనే చెబుతాను.